ఊదమన్నాడా, ఊదొద్దన్నాడా

లిదియాకి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మొగుడు సామ్యేలు ఏదో ఒక పెళ్ళి ఊరేగింపులో, పరాయి ఊరి వీధిలో, బాకా ఊదుతూ ఊదుతూ పాట మధ్యలో నోటినిండా రక్తంతో కూలబడిపోతాడని. పక్కవాళ్ళు డోలు కొట్టడం ఆపరని. చూసేవాళ్ళు అదీ బ్యాండువాళ్ళ వేషమే అనుకుని నవ్వుతారని.

అన్నం వారుస్తున్నా అదే కళ్ళముందు. పిల్లకి పాలిస్తున్నా అదే. ఒక్కోసారి గంజి చెయ్యి మీద పడ్డాక గానీ ఈ లోకంలోకి వచ్చేది కాదు.

సామ్యేలుది యానాం మెట్టకూరు శాలేము బ్యాండు. బ్యాండు మాస్టరు యోహాను అతనికి సొంత పెదనాన్న. క్రిస్మస్‌కీ, ఈస్టరుకీ, హిందువుల పెళ్ళిళ్ళకీ, ముసలాళ్ళ చావులకీ అదే బ్యాండు, అవే ఎర్ర కోట్లు. భుజాల మీద పసుపు కుచ్చులు వేలాడుతుంటాయి. సామ్యేలు కోటుకి ఎడం భుజం కుచ్చు ఊడిపోతే ఇంట్లో పసుపు దారం లేక లిదియా నీలం దారంతో కుట్టింది. “దూరం నుంచి ఎవడికి కనపడద్దిలే” అన్నాడు. కనపడేది. ఆమెకి బ్యాండు వీధి మలుపు తిరగ్గానే ముందు ఆ నీలం దారమే కనపడేది, తర్వాతే మనిషి.

“మావాడు ఇక్కడ ఊదితే గోదారి అవతల ఎదుర్లంకలో కుక్కలు లేస్తాయి” అని యోహాను పదిమందిలో గొప్పలు పోయేవాడు. అప్పుడు లిదియాకి సిగ్గూ, లోపల్లోపల గర్వమూ. ఊదడం అనే మాట అప్పటికింకా మామూలు మాటే.

గోదారికి పెద్ద వరదొచ్చిన ఏడు సామ్యేలు నడుంలోతు నీళ్ళలో వీధివీధీ తిరిగి, ఎవరి మూటలు వాళ్ళకి చేర్చాడు. ఆ తడి ఒంట్లో నిలిచిపోయింది. జ్వరం, పొడి దగ్గు, కుడిపక్క పోటు. కాకినాడ తీసికెళితే ఊపిరితిత్తి పక్కలో నీరు చేరిందని సూది పెట్టి లాగి, మాత్రలిచ్చి, మానకుండా మింగాలని చెప్పి పంపారు. ఇంటికొచ్చాక మనిషి కాస్త తేరుకున్నాడు గానీ, మెట్టు ఎక్కితే ఆగేవాడు, మాటకీ మాటకీ మధ్య గాలి వెతుక్కునేవాడు.

ఆ చలికాలంలోనే, వరద సాయమని పాండిచ్చేరి వైపు నుంచి మందుల క్యాంపు ఒకటి వచ్చి చర్చి వెనక హాల్లో దిగింది. డాక్టరుది కారైకాల్. మంచివాడే. తెలుగులో మొదలెట్టి అరవంలో ముగించేవాడు. యానాంలో అది వింతేం కాదు. ఊరు పాండిచ్చేరి సర్కారు కిందిది, మన ఆఫీసర్లందరూ ఆ వైపు నుంచి వచ్చేవాళ్ళే కాబట్టి జనానికి వాళ్ళ మాట సగం అర్థమవుతుంది. మిగతా సగం అర్థమైనట్టు తలూపుతారు.

హాల్లో దుప్పటి ఒకటి తెరలా కట్టారు. సామ్యేలు లోపలికెళ్ళాడు. లిదియా చంటిపిల్ల రాహేలుని ఒళ్ళో వేసుకుని బయట బల్లమీద కూర్చుని, ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుంది.

“ఏం పని చేస్తావు?” డాక్టరు గొంతు.

“కూలి పనండి.”

బ్యాండని చెప్పలేదేమిటా అని లిదియా అనుకునేలోపే లోపల వీపు మీద వేళ్ళతో తట్టి చూస్తున్న చప్పుడు, డబ్బామీద తట్టినట్టు. తర్వాత డాక్టరు, “మాత్రలు ఆపకూడదు. బాగా తినాలి. అప్పురం... ఊద వేండ...”

అంతే. సరిగ్గా అక్కడ రాహేలు కేరుమంది. ఆ మాట తోక పిల్ల ఏడుపులో మునిగిపోయింది.

అరవంలో అప్పురం అంటే ఆ తర్వాత. వేండుం అంటే చెయ్యాలి. వేండాం అంటే వద్దు. ఊదడం మాత్రం వాళ్ళకీ మనకీ ఒకటే. తేడా అల్లా చివరున్న ఆ ఒక్క అక్షరం గుణింతంలో ఉంది. లిదియాకి వేండాం అని వినపడింది.

ఇంటికి నడుస్తూ అడిగింది. “ఊదొద్దన్నాడు కదా డాక్టరు.”

“ఊదమన్నాడు” అన్నాడు సామ్యేలు.

“వేండాం అన్నాడు. నేను విన్నాను.”

“వేండుం అన్నాడే బాబూ. లోపల నేనున్నాను, బయట నువ్వున్నావు.”

“బయటున్నా నా చెవులు బయట లేవు. మరి కూలి పనని ఎందుకు చెప్పావు?”

“బ్యాండంటే నవ్వుతాడని.”

“నువ్వు బాకా ఊదేవాడివని తెలీకుండా ఏం ఊదమంటాడయ్యా నిన్ను, పొయ్యా?”

సామ్యేలు నవ్వబోయాడు, దగ్గొచ్చింది. కరెంటు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. దగ్గు తగ్గాక మెల్లిగా అన్నాడు. “నీకోసం వద్దనే అన్నాడనుకో. బీడీలు ఊదొద్దని అనుంటాడు. మానేశాను కదా. ఇంకేం కావాలి నీకు?”

చేతిలో చీటీ ఉంది గానీ అందులో మాత్రల పేర్లే. ఏడో తరగతి సగంలో తల్లి మంచం పడితే, పసి తమ్ముణ్ణి చూసుకోడానికి బడి మానేసిన లిదియాకి తెలుగు మేష్టారు చెప్పిన చివరి పాఠం ఎందుకో అప్పుడు గుర్తొచ్చింది. క్రియ ఒక్కటీ ఉంటే చాలదు, దేన్ని అని అడిగి చూడండి, వచ్చే జవాబు కర్మ అన్నారు మేష్టారు. ఊదు అనేది క్రియ. దేన్ని? ఆ జవాబు తెర లోపలే ఉండిపోయింది. మర్నాడు మళ్ళీ హాలుకి పరిగెత్తింది. దుప్పటి విప్పేశారు, బల్లలు చర్చిలోకి చేర్చేశారు. తెల్లవారుతూనే వ్యాను వెళ్ళిపోయిందని హాలు ఊడ్చే ఆవిడ చెప్పింది.

ఇంట్లో అత్త దీనమ్మ పొయ్యి ముందు కూర్చుని ఇనప గొట్టంతో తడి సరుగుడు పుల్లలు ఊదుతోంది. సంగతి విని గొట్టం పక్కన పెట్టింది.

“ఊదితే పోయేదయితే ఈ గొట్టం పట్టుకుని నేనెప్పుడో పోవాల అమ్మాయ్. మా ఆయన ఊదాడు, ఆయన బాబు ఊదాడు. ఊదుతూ ఎవళ్ళూ పోలేదు. ఒకళ్ళు తాగి పోయారు, ఒకళ్ళు పాము కరిచి పోయారు.”

“వాళ్ళ పక్కలో నీరు లేదు కదత్తా.”

“నీకు నోరుంది, వాడికి ఊపిరుంది. ఎవళ్ళది వాళ్ళు వాడుకోండి” అని దీనమ్మ మళ్ళీ గొట్టం అందుకుంది.

లిదియా ఊరుకోలేదు. సరోజిని పిన్ని పాండిచ్చేరిలో కాపురం చేసొచ్చింది, మొగుడు అక్కడ అటెండరు. అరవం అంటే యానాంలో ఆవిడే. ఆవిడ చేపలు తోముతూ అంతా విని, చెయ్యి ఆపి న్యాయం చెప్పేదానిలా మొహం పెట్టింది.

“డుం అన్నాడా, డాం అన్నాడా?”

“అదే కదా పిన్నీ అడుగుతున్నాను.”

“డుం అనాలంటే మూతి ముడవాలే. డాం అనాలంటే నోరు తెరవాలి. మూతి చూశావా?”

“తెర అడ్డం.”

“అయితే దేవుడు చూశాడు” అంది సరోజిని, మళ్ళీ చేప అందుకుంటూ.

ఆ రోజు నుంచి లిదియా ఏ పని చేస్తున్నా ఆ రెండు ముక్కలూ లోపల నలిగేవి. వేండుం, వేండాం. అంట్లు తోముతూ అనుకునేది, ఉయ్యాల ఊపుతూ అనుకునేది. అనగా అనగా మాటల్లో అర్థం కారిపోయి చప్పుడే మిగిలింది. డుం, డాం, డుం, డాం. తీరా చూస్తే అది శాలేము బ్యాండు డోలు చప్పుడు. దాంతో ఏ పెళ్ళి ఊరేగింపో తన గుండెలమీదనుంచే పోతున్నట్టుండేది.

పక్కింటి వీరవేణి తాళ్ళరేవు వైపు పిల్ల. మొగుడు చిన్నారావు ఊరి నాయకుల వెనక తిరుగుతుంటాడు. లిదియా గోడు విని ఆవిడ తేలిగ్గా తీసేసింది.

“బాకా ఊదడం ఒక పనే వదినా? మా ఆయనదీ అదే కదా. కోటు ఇవ్వరు, అంతే తేడా.”

లిదియాకి నవ్వు రాలేదు. వీరవేణి అది గమనించి గొంతు తగ్గించింది. “పొద్దున్నే చూశాను, అన్నయ్యగారి మొహం కాస్త ఊదినట్టుందేంటి?”

“ఆ మాట అనకు వదినా.”

“ఏ మాట?”

“ఊదడం. ఇంకేదన్నా అను. వాచిందను, ఉబ్బిందను.”

వీరవేణి ఆమె వంక కాసేపు చూసి, “నీకు నిద్ర లేదు వదినా” అంది. “నామాట విని ఒక్కసారి సాయిబుగారి దగ్గరికి తీసికెళ్ళు. ఆయన చెంబులో నీళ్ళు మంత్రించి ఊది ఇస్తాడు. మా పెదమ్మ కొడుక్కి అలాగే...” మధ్యలో నాలిక కరుచుకుంది. “చూశావా, మళ్ళీ అన్నాను. మరి దానికి వేరే మాటేముంది?”

నిజమే. వేరే మాట లేదు. కాఫీ చల్లారాలన్నా ఊదాలి, పిల్ల కంట్లో నలుసు పోవాలన్నా ఊదాలి, దెబ్బ తగిలితే ఉఫ్ అని ఊదాలి. ప్రాణం పోయడానికీ అదే మాట, దీపం ఆర్పడానికీ అదే. ఇన్ని పనులు ఒక్క మాట నెత్తిన పెట్టినవాళ్ళు ఏ పనికి ప్రాణం పోతుందో ఆ ఒక్కటీ చెప్పకుండా వదిలేశారు.

రాహేలు పుట్టినరోజు వచ్చింది. కేకు తెచ్చారు. మీద ఒక్కటే కొవ్వొత్తి. వీరవేణి గుమ్మంలోనే నిలబడి, “మంచిరోజున దీపం నోటితో ఊదిస్తారేంటమ్మా” అని బుగ్గలు నొక్కుకుంది. “అది దీపం కాదు, మైనం” అంది దీనమ్మ. అందరూ నవ్వారు. పిల్లకి ఊదడం రాక కొవ్వొత్తి వైపు చెయ్యి చాపుతుంటే సామ్యేలు దాన్ని ఎత్తుకుని, “నాన్న ఊదుతాడు చూడు” అని వంగి బుగ్గలు పూరించాడు.

ఎదుర్లంక కుక్కల్ని లేపిన ఊపిరికి కొవ్వొత్తి ఇటూ అటూ ఊగి మళ్ళీ నిలబడింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ నిలబడింది. మూడోసారి దగ్గు తన్నుకొచ్చింది. పిల్లని దీనమ్మకి అందించి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మంట ఆర్పకుండా ఎవరికి వాళ్ళు చూస్తూ నిలబడ్డారు. ఆఖరికి వీరవేణే ముందుకొచ్చి రెండు వేళ్ళతో వత్తి నలిపేసింది.

మర్నాడు బట్టలు ఉతుకుతుంటే తువ్వాలు మూల మినపగింజంత ఎరుపు కనిపించింది.

“ఇదేంటి?” అని తీసికెళ్ళి చూపించింది.

“కిళ్ళీ.”

“నువ్వు కిళ్ళీ వేసుకోవు.”

“నిన్న వేసుకున్నాను.” ఆమె వంక చూడకుండా, “పుట్టినరోజు కదా” అన్నాడు.

“ఇంతకుముందు పడిందా ఎప్పుడైనా?”

“ఒకసారి. వరద తర్వాత. అప్పుడే తగ్గిపోయింది.”

“డాక్టరుకి చెప్పావా?”

సామ్యేలు గోడకి తగిలించిన కోటు దులుపుతూ ఉండిపోయాడు. చెప్పలేదని ఆ దులపడంలోనే తెలిసింది. తర్వాత ఆమె దగ్గరికొచ్చి కూర్చుని, పిల్లకి చెప్పినట్టు చెప్పాడు. “చూడు లిదియా. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడే నాకు పోటు. బయటికి ఊదేటప్పుడు పోటుండదు. అదొక్కటే హాయి నాకు. అది కూడా మానెయ్యమంటే ఎలాగ?”

మాట నిజంలాగానే ఉంది. నిజమైనా అబద్ధమైనా, పాడెక్కేది ఈ మనిషే కదా అనుకుంది.

ఈస్టరు పోయింది. పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి. యోహాను తల మీద తువ్వాలు తీసి దులుపుకుంటూ అరుగుమీద కూర్చున్నాడు.

“ఏమ్మా కోడలా, మావాడి బాకాకి చిలుం పట్టించేశావా? అగ్రహారంలో పెళ్ళి ఒప్పుకున్నాను. ఆపైన దరియాలతిప్పలో.”

“పెదమావయ్యా, ఈ ఒక్క వేసవికి ఆయన్ని వదిలెయ్యండి. డోలు ఇవ్వండి. తాళాలివ్వండి. ఏదైనా మోస్తారు.”

“డోలు కొట్టేవాళ్ళు రోడ్డు మీద దొరుకుతారమ్మా. ఊదేవాడేడి?”

“ఊదొద్దన్నాడు డాక్టరు.”

“ఊదమన్నాడని మావాడంటున్నాడు. నీ చెవిలో ఎవరూదారమ్మా ఇవన్నీ? ఆ పక్కింటామేనా?”

లోపలనుంచి సామ్యేలు కోటు బొత్తాలు తుడుస్తున్న చప్పుడు వచ్చింది.

అగ్రహారం పెళ్ళి ముందురోజు మధ్యాహ్నం సామ్యేలు గెడ్డం గీయించుకోడానికి వెళ్ళాడు. దీనమ్మ చాపమీద కునుకు తీస్తోంది. లిదియా బాకా పెట్టె తెరిచింది. ఇత్తడి గొట్టం అలాగే ఉంచి, పెదవులు ఆనించే చిన్న గిన్నెలాంటి ముక్క, బ్యాండువాళ్ళు మూతి అనేది, విప్పి కొంగున ముడేసుకుంది. పిల్లని చంకనేసుకుని రేవుకి నడిచింది. పారేద్దామని కాదు వెళ్ళింది. అవతల ఒడ్డున పుట్టింటి వాళ్ళ చుట్టాలున్నారు, వాళ్ళింట దాచి వద్దామని.

గోదారి దాటించే పంటు అవతల ఒడ్డున ఉంది. ఎండ. ఒడ్డున బండరాయి మీద కూర్చుని ఎదురుచూస్తుంటే రాహేలు కొంగు ముడితో ఆడుకుంటోంది. లిదియా కళ్ళు నీళ్ళమీదున్నాయి. ఉన్నట్టుండి పీ అని సన్నగా మోత వినపడింది. తిరిగి చూస్తే ముడి విడిపోయుంది. మూతి పిల్ల నోట్లో ఉంది. కొవ్వొత్తి ఊదడం రాని పిల్ల, బుగ్గలు పూరించి, అచ్చం తండ్రిలాగే కళ్ళు సగం మూసి ఊదుతోంది. తనకే ముచ్చటేసి నవ్వి మళ్ళీ పెట్టుకోబోయింది.

అతని నోట్లోది. అతను దగ్గి, తుడిచి, మళ్ళీ పెట్టుకునేది. తువ్వాలు మూల ఎరుపు.

లిదియా లాక్కోవడం, విసిరెయ్యడం ఒక్కసారే జరిగిపోయాయి. నీళ్ళలో పెద్ద చప్పుడేం కాలేదు. గోదారికి అదెంత. పిల్ల మాత్రం ఖాళీ చెయ్యి చూసుకుని ఏడ్చింది. తల్లి దాని పెదాలు కొంగుతో తుడిచి, నీళ్ళతో కడిగి, మళ్ళీ తుడిచింది. అవతలనుంచి పంటు వచ్చింది, జనం దిగారు, ఎక్కారు, వెళ్ళిపోయింది. ఆమె ఎక్కలేదు.

సాయంత్రం సామ్యేలు పెట్టె తెరిచి, గుడ్డలు విదిలించి, పెట్టె తలకిందులు చేసి చూశాడు.

“మూతేది?”

“గోదాట్లో.”

అతను అరుస్తాడని దీనమ్మ అడ్డం రాబోయింది. అరవలేదు. చాలాసేపు పెట్టె మూత తీస్తూ వేస్తూ కూర్చున్నాడు.

“బాకా ఎవడిదైనా ఒకటే లిదియా. మూతి మా నాన్నది. దానికి నా పళ్ళ అచ్చు దిగుంది. గోదాట్లో పడేసింది నా నోరు నువ్వు.”

“పిల్ల నోట్లో పెట్టుకుంది.”

“పెట్టుకుంటే?”

“దాని నోట్లోకి నీ రక్తం...”

అతను పిల్ల వంక చూశాడు. మొహంలో ఏదో మారింది. భయమో, అవమానమో. పిల్లని ఎత్తుకోబోయి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆ చేతులు వెనక్కి తీసుకోవడం లిదియా చచ్చేదాకా మర్చిపోదు.

తెల్లారాక కోటు మడిచి చంకన పెట్టుకుని, మూతి లేని బాకా గుడ్డలో చుట్టుకుని, కాకినాడ వెళ్ళి మూతి కొనుక్కొస్తానని తల్లికి చెప్పి బస్సెక్కాడు. మాత్రలు గూట్లోనే ఉండిపోయాయి.

అగ్రహారం పెళ్ళికి శాలేము బ్యాండు బాకా లేకుండానే వెళ్ళింది. సామ్యేలు రాలేదు. దరియాలతిప్ప పెళ్ళికీ రాలేదు. యోహానుకి ఎవరో కబురు తెచ్చారు, అమలాపురం వైపు ఏదో బ్యాండులో కలిశాడని, వాళ్ళు ఊరూరూ తిరుగుతున్నారని, ఇవాళున్న ఊళ్ళో రేపుండరని. ఏ బ్యాండో పేరు తెలీదు. లిదియా పిల్లనేసుకుని పంటు దాటి, బస్సులు మారి, మేళం మోగిన చోటల్లా దిగి చూసింది. నీలం దారం ఎక్కడా కనపడలేదు. ఒకచోట పెళ్ళివారు ఆమెని కూడా భోజనానికి కూర్చోబెట్టబోయారు.

“ఉన్న ఊపిరి ఇంట్లో ఊదుకోనివ్వలేదు వాణ్ణి” అంది దీనమ్మ, ఆమె తిరిగొచ్చాక. తర్వాత తనే కోడలి పాదాలకి కొబ్బరినూనె రాసింది.

ఆ నెలలోనే పిల్లలకి చుక్కల మందు వెయ్యడానికి క్యాంపు వ్యాను మళ్ళీ వచ్చింది. డాక్టరు రాలేదు గానీ ఆయన దగ్గర పనిచేసే నర్సు జోసెఫిన్ వచ్చింది. ఆవిడ పాండిచ్చేరిలో పుట్టినా తల్లిది యానామే, తెలుగు మనలాగే మాట్లాడుతుంది. లిదియా పిల్లకి చుక్కలు వేయించాక కూడా కదల్లేదు. వెనకనున్న తల్లులు విసుక్కుంటుంటే పక్కకి జరిగి, అందరూ అయ్యేదాకా ఆగి అడిగింది.

“అక్కా, పక్కలో నీరు తీయించుకున్న మనిషిని మీ డాక్టరుగారు ఊదమంటారా, ఊదొద్దంటారా?”

“ఊదమంటారు” అంది జోసెఫిన్ వెంటనే. “బుడగలు. పిల్లల రబ్బరు బుడగలు లేవూ, అవి ఇచ్చి రోజూ ఊదమంటారు. నీరు లాగాక ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది కదా, అది సాగాలని. నేనే పంచేదాన్ని.”

“మా ఆయనకి ఇవ్వలేదు.”

“ఆఖర్న వచ్చారేమో. బుడగలు అయిపోయుంటాయి.”

లిదియా బల్ల పట్టుకుంది. అయితే అతనే సరిగ్గా విన్నాడు. తను గోదాట్లో పారేసింది మందు.

“బాకా ఊదినా అంతేనా అక్కా? బుడగలాంటిదేనా?”

జోసెఫిన్ చేస్తున్న పని ఆపింది. “బాకానా? ఏం పని చేస్తాడు మీ ఆయన?”

చెప్పింది. బ్యాండు సంగతి, కూలి పనని చెప్పడం, తువ్వాలు మూల ఎరుపు, వరద తర్వాత పడ్డ ఎరుపు, గూట్లో ఉండిపోయిన మాత్రలు. చెప్తున్నకొద్దీ జోసెఫిన్ మొహం మారిపోయింది.

“రక్తం సంగతి డాక్టరుగారికి ఎవరన్నా చెప్పారా?”

“ఆయన చెప్పలేదు.”

“నువ్వు?”

“నేను తెర బయటున్నాను. నాకప్పటికి తెలీదు.”

“తెలిసుంటే డాక్టరుగారు ఊదమని ఉండరు” అంది జోసెఫిన్. “రక్తం పడేవాళ్ళకి బుడగ కూడా ఇవ్వం. ఇంక మందు ఆపేసి, రోజంతా ఎండలో బాకా...” ఆవిడ మిగతాది మింగేసింది. “చూడమ్మా, నువ్వు విన్నది తప్పే. భయపడ్డది తప్పని మాత్రం నేననలేను. ఆ మనిషిని చూడకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు. తీసుకురా. వచ్చే ఆదివారం దాకా ఇక్కడే ఉంటాం, తర్వాత అయినా కాకినాడ పంపే ఏర్పాటు చేస్తాను.”

“ఎక్కడున్నాడో తెలీదక్కా.”

“ఎవరికన్నా చెప్పిపెట్టు. ఊపిరి తీసినప్పుడు మెడకింద గుంటలు లోపలికి పోతున్నాయేమో చూడమను. రెండు మాటలకోసారి ఆగుతున్నాడేమో, ఉమ్మిలో ఎరుపుందేమో. ఉంటే ఒక్క పూట కూడా ఆగొద్దు.”

లిదియా ఇంటికి రాలేదు. తిన్నగా రేవుకెళ్ళింది. పంటు దిగే ప్రతివాణ్ణీ ఆపి అడిగింది, మీ ఊళ్ళో పెళ్ళిళ్ళున్నాయా, బ్యాండు వచ్చిందా, బాకా ఎవరు ఊదారు అని. కొందరు జవాబు చెప్పారు, కొందరు పిచ్చిదనుకున్నారు. రాహేలు చంకలోంచి, నేర్చుకున్న విద్య పోగొట్టుకోకుండా, పిడికిలి నోటికి పెట్టుకుని ఊదుతూనే ఉంది. అవతల ఒడ్డున ఎక్కడో డోలు వినపడింది. డుమ్మో, డామ్మో, గాలి ఇటు లేదు.

ఆమె ఇంకా అక్కడే ఉంది. ఆమె ఒక్కతీ ఎన్ని ఊళ్ళు తిరగగలదు? అందుకని ఇది చదివే మిమ్మల్ని అడగడం. మీ వీధిలోకి పెళ్ళి బ్యాండు వస్తే పెళ్ళికొడుకుని తర్వాత చూద్దురుగాని, ముందు బాకా ఊదే మనిషిని చూడండి. ఎర్ర కోటుకి ఎడం భుజం కుచ్చు నీలం దారంతో కుట్టి ఉంటే అతనే సామ్యేలు. పాట అయ్యేదాకా ఆగి, నీడకి పిలిచి, కాసిని మంచినీళ్ళివ్వండి. మెడకింద చూడండి, ఉమ్మి చూడండి. ఊదమన్నది నిజమేనని లిదియా ఒప్పుకుందని చెప్పండి. బుడగలు అయిపోయాయట, అంతేనని చెప్పండి. పిల్ల బాగుంది, ఎత్తుకోవచ్చని కూడా చెప్పండి. చెప్పి, అతన్ని ఒంటరిగా పంపకుండా, మీరే దగ్గరుండి యానాం పంటు ఎక్కించండి.